అది నీ సెట్టేనా అని అడిగావు

నవంబరు ఆరు, గురువారం.
పొద్దుటి నుంచి ముసురు. మైకు హారన్లన్నీ దించి, గొట్టాల్లో చేరిన దుమ్ము దులిపి, గుడ్డతో తుడిచి అటక మీద బోర్లించాను.

చిరంజీవి హలో పాపకు నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ ఆయనా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అమ్మా, మీ అత్తా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారమే అందింది. ఫోన్లో ఆఁ, ఊఁ తప్ప నా నోట ఇంకో మాట రాదనీ, కాగితం మీదైతే కాస్త మనిషిలా మాట్లాడతాననీ రాశావు. నిజమే. ఊళ్లో వాళ్లందరి గొంతులూ పెంచే మనిషికి సొంత గొంతు లేకుండా పోయిందని మీ అమ్మ ఎప్పుడూ అనే మాటే. అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వడిగినవన్నీ చెబుతాను. ఒకటి మాత్రం కొంచెం ఆగి చెబుతాను, ఏమీ అనుకోకు.

దగ్గు తగ్గింది. తగ్గింది కదా అని మందు మానేశాను. ఇది అమ్మకు చదివి వినిపించకు.

మీ ఆయన వేళకు తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. మొదట్లో ఆదివారాలు వచ్చేవాడు, ఇప్పుడు రోజూ వస్తున్నాడు. కోల్డ్ స్టోరేజీలో డ్యూటీ దిగి నేరుగా ఇటే వస్తాడు. కాసేపు చేతులు పొయ్యి దగ్గర పెట్టుకుని వెచ్చచేసుకుని, తర్వాత కూర తనే వండుతాడు. "ఉప్పు ఎక్కువైందా మామయ్యా?" అంటాడు. "లేదు బాబూ" అంటాను. ఎక్కువే. మొన్న తింటూ తింటూ, "తను మీతో ఏమైనా అంటోందా?" అని అడిగాడు.

"లేదు. నీతో?"

"అక్కడ వాన పడుతోందా అని అడుగుతోంది."

"పడుతోందని చెప్పావా?"

"చెప్పాను."

ఆ తర్వాత ఇద్దరం లేచి గిన్నెలు కడిగాం. అతను మంచివాడమ్మా. ఏం మాట్లాడాలో తెలియక వాన గురించి చెబుతున్నాడు. నువ్వూ అందుకే అడుగుతున్నావని నాకు తెలుసు.

పక్క కొట్టు దర్జీ మామయ్య నిన్ను అడిగానని రాయమన్నాడు. పెద్ద కోర్టు తీర్పు వచ్చి, ఆ వెంటనే ఎన్నికలు కూడా వచ్చేసరికి అతనికి ఊపిరి సలపడం లేదు. రెండు పార్టీల జెండాలూ అతనే కుడుతున్నాడు. "ఏం బావా, జడ్జీలు అక్కడ సంతకం పెడితే ఇక్కడ నా మిషను సూదులు విరుగుతున్నాయి" అంటాడు. ఒక రంగు దారం పళ్ల మధ్య పట్టుకుని, ఇంకో రంగు జెండా అంచు కుడుతూ ఉంటాడు. "ఇంతకీ నీ ఓటు ఎవరికి?" అని అడిగితే, "ముందు బిల్లు ఎవరిస్తే వాళ్లకి" అంటాడు. ఈ మాటలు అన్నప్పటికి అతనికి మన సంగతి తెలియదు. ఇప్పుడు తెలుసు. ఎలా తెలిసిందో రాస్తాను.

తీర్పు చదివావా అని అడిగావు. చదివాను. పేపర్లో పూర్తి పాఠం వేశారు. నా చదువుకు అది ఒక్కసారికి ఎక్కలేదు. చిన్నప్పుడు రేడియో విప్పి ఏ తీగ ఎక్కడికి పోతుందో చూసుకుంటూ పని నేర్చుకున్నాను కదా, దీన్నీ అలాగే చదివాను. ఎక్కడ మొదలైంది, ఎక్కడికి పోయింది అని. నిన్ను మొదటి నుంచి చివరిదాకా అర్జీదారు అన్నారు. స్కానింగులో డాక్టరమ్మ బిడ్డకు తల ఎముక ఏర్పడలేదని, పుట్టినా బతకదని చెప్పడం రెండు వాక్యాల్లో ఉంది. అప్పటికే గర్భం తీయడానికి చట్టంలో రాసిన గడువు దాటిపోయిందని, అందుకే మనం కోర్టుకు వెళ్లామని ఒక వాక్యంలో ఉంది. కింది కోర్టు అనుమతి ఇవ్వడం, ఆసుపత్రిలో ఆ పని జరిగిపోవడం మరో వాక్యం. మిగతా పేజీలన్నీ అలా అనుమతి ఇవ్వవచ్చా అన్న దాని గురించే. ఇవ్వకూడదన్నారు. జరిగిపోయింది కాబట్టి అర్జీదారు మీద చర్య అక్కర్లేదట. ఇకముందు మాత్రం తల్లి ప్రాణానికే ముప్పు వస్తే తప్ప గడువు దాటాక ఏ కోర్టూ ఇవ్వకూడదట. అర్జీదారు పేరు ఎవరూ ఎక్కడా బయటపెట్టకూడదని చివర్న ఉంది. చదివేశాక పేపరు మడిచి పెట్టాను. కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. ఏడుపు కూడా రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ మనది కానట్టు ఉంటుంది చూడు, అలా ఉంది.

నిన్ను స్కాన్ చేసిన డాక్టరమ్మ కనిపించింది. వాళ్ల క్లినిక్‌లో టోకెన్ నంబర్లు పిలిచే స్పీకరు మూగబోతే బాగుచేయడానికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టి, అందరి ముందూ ఏమీ అనకుండా లోపలి గదిలోకి పిలిచింది. నువ్వెలా ఉన్నావని అడిగింది. తర్వాత, "మొన్న ఇంకొకావిడకు ఇలాంటిదే కనిపించిందండీ. చెప్పాను. చెప్పి ఇంటికి పంపాను. ఇదివరకైతే ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పేదాన్ని" అంది. ఆవిడ చేతిలో పెన్ను మూత తీయడం, పెట్టడం. నేను స్పీకరు పట్టుకుని నిలబడ్డాను. "వైరు తెగిందమ్మా, అంతే" అన్నాను.

ఇప్పుడు నువ్వడిగిన ఆ మాట. మైదానంలో జరిగిన సభ వీడియో ఫోన్లో చూశానని రాశావు. "ఒకచోట మైకు కూత మొదలై వెంటనే ఆగిపోయింది. అంత తొందరగా ఆపేది మన ఊళ్లో ఒక్కడే. అది నీ సెట్టేనా నాన్నా?" అని రాశావు.

నా సెట్టే.

ఎందుకు ఒప్పుకున్నావని నువ్వు అడగలేదు. అయినా చెబుతాను. ఎన్నికల సభలన్నిటికీ రెండు పార్టీల వాళ్లకూ మైకు పెట్టేది నేనే. తీర్పును మెచ్చుకునే ఈ ఒక్క పార్టీకి పెట్టనంటే ఎందుకని అడుగుతారు. జ్వరం అనొచ్చు, ఒకసారికి. రెండోసారికి ఏమంటాను? ఊరికి కావలసిందల్లా ఎందుకు అన్న ఒక్క మాటే. అది దొరికితే ఆ తర్వాత నీ పేరు దొరకడం ఎంతసేపు? నిన్ను దాచాలంటే నేను ఎప్పటిలా ఉండాలి అనుకున్నాను. ఎప్పటిలాగే వెళ్లాను, స్తంభాలకు హారన్లు కట్టాను, వేదిక పక్కన యాంప్లిఫయరు పెట్టుకుని కూర్చున్నాను.

అభ్యర్థి బాగా మాట్లాడతాడు. రోడ్ల గురించి, నీళ్ల గురించి మాట్లాడినంతసేపూ జనం వాళ్లలో వాళ్లు కబుర్లు చెప్పుకున్నారు. తీర్పు మాట ఎత్తగానే మైదానం మొత్తం ఇటు తిరిగింది. అది ఆయనకూ తెలుసు. గొంతు తగ్గించాడు.

"ఒక అమ్మాయి. పేరు చెప్పకూడదట. ఎందుకు చెప్పకూడదు? పేరు చెప్పుకోలేని పని చేసింది కాబట్టి!"

చప్పట్లు. ఆయన మైకు మీదికి ఇంకా వంగాడు. అలా వంగితే కూత వస్తుంది, వచ్చింది. ఆ కూత పెరిగితే ఏమవుతుందో నీకు తెలుసు, చిన్నప్పుడు నా పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూడలేదు. జనం చెవులు మూసుకుంటారు. మాట్లాడేవాడు ఉలిక్కిపడి వెనక్కి జరుగుతాడు, మాట తెగిపోతుంది. నేను ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

నా చేయి వెళ్లి వాల్యూము నాబ్ తిప్పింది. కూత ఆగింది. తర్వాత నీ గురించి ఆయన అన్న ప్రతి మాటా మైదానం చివర గోడ మీద కూర్చున్న వాళ్ల దాకా శుభ్రంగా వెళ్లింది. దిగి పోతూ భుజం తట్టి, "సౌండు అదిరింది బాబాయ్" అన్నాడు. నేను తలూపాను.

నేను ఇది ఎవరికీ చెప్పలేదు. మీ ఆయన ఆ రోజు జనంలో నిలబడి విన్నాడు. యాంప్లిఫయరు దగ్గర నన్ను చూశాడు కూడా. అయినా ఎన్నడూ అడగలేదు. ఆ సాయంత్రం కూడా ఉప్పు ఎక్కువైందా అనే అడిగాడు.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేవాణ్ణి. ఆ తర్వాతిది నీకు నేనే చెప్పాలి. వేరేవాళ్ల నుంచి వినకూడదు.

మంగళవారం మధ్యాహ్నం అభ్యర్థి, ఆయన కార్యదర్శీ మన కొట్టుకు వచ్చారు. బండికి మైకు కట్టి వీధుల్లో తిప్పడానికి ప్రచారం రికార్డు చేయాలన్నారు. మన వెనక గది నీకు తెలుసుగా, గోడలకు పాత బొంతలు కొట్టిన గది. నువ్వు నిక్కరు వేసుకునే రోజుల్లో హలో హలో అని అరిచి మొత్తం బజారుకు వినిపించి ఆ పేరు తెచ్చుకున్న గది. అక్కడే కూర్చోబెట్టాను. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నా పద్ధతి వాళ్లకు తెలుసు. ఊపిరి మైకుకు తగిలినా, మాట మింగినా చేయి ఎత్తుతాను. చేయి లేస్తే ఆగాలి, ఆ వాక్యం మళ్లీ చదవాలి.

కార్యదర్శి రాసిన కాగితం చూసి అభ్యర్థి చదువుతున్నాడు. నాలుగు వాక్యాలు బాగానే వచ్చాయి. తర్వాత, "ఆ అమ్మాయి ఆ పని చేయించుకుని, నవ్వుతూ ఆసుపత్రి మెట్లు దిగింది" అన్నాడు.

చేయి ఎత్తాను.

ఆయన ఆగాడు. "ఊపిరి తగిలిందా బాబాయ్?"

"లేదండీ."

"మాట మింగానా?"

"లేదు. ఆ అమ్మాయి నవ్వలేదు."

"ఏంటీ?"

"నవ్వలేదండీ. మెట్లు దిగలేదు కూడా. వెనక గుమ్మం నుంచి, ఉతకడానికి దుప్పట్లు వేసే దారిలోంచి బయటికి వచ్చింది. చక్రాల కుర్చీలో. ఆ కుర్చీ నేనే తోశాను."

కార్యదర్శి నవ్వబోయాడు. "నువ్వెందుకు తోశావయ్యా?"

"మా అమ్మాయి" అన్నాను.

అంతే జరిగింది. చెప్పాలని అనుకోలేదు. రాసుకుని పెట్టుకున్న మాట కాదు. తప్పు వినపడితే చేయి లేస్తుంది, లేచింది. లేచిన చేతికి నోరు జవాబు చెప్పింది.

అభ్యర్థి మంచినీళ్లు అడిగి తాగాడు. చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. "నాకు తెలీదు బాబాయ్. నాకూ కూతుళ్లున్నారు" అన్నాడు. కార్యదర్శి గడియారం చూసుకుని, "అన్నా, ఇంకా రెండు చోట్లకు వెళ్లాలి" అన్నాడు. అప్పుడు అభ్యర్థి కాగితం మీద ఆ వాక్యం కొట్టేసి, "ఇది తీసేద్దాం. మిగతాది మొదట్నుంచి చదువుతా. చేస్తారా బాబాయ్?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు.

నేను మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఆయన చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. నాకు వినపడలేదు. చెవులకు ఏమీ కాలేదు, బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టడం వినపడింది. ఆయన గొంతు మాత్రం లోపలికి రాలేదు. "నాకు వినపడటం లేదండీ" అన్నాను.

"లైటు వెలుగుతోందిగా?" అన్నాడు కార్యదర్శి, మెషిన్ వైపు చూసి.

"వెలుగుతోంది. మెషిన్ బాగానే ఉంది. మీరు ఇంకెక్కడైనా చూసుకోండి."

వెళ్లిపోయారు. నేను కొట్టు ఊడ్చాను.

బుధవారం పొద్దునకే ఆ మాట బజారంతా పాకింది. దర్జీ మామయ్య వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ వచ్చీ రాగానే ఏదో ఒక పోచికోలు కబురు చెబుతాడు కదా, ఈసారి మెడలో టేపు తీసి చేతికి చుట్టాడు, విప్పాడు. తర్వాత, "ముందే చెప్తే చచ్చిపోతానా బావా? ఎత్తుకు తిప్పిన పిల్ల" అన్నాడు. "ఇక వాళ్ల జెండాలు కుట్టను" అన్నాడు.

"కుట్టు. నీ పని నీది."

"నువ్వు మానేశావుగా?"

"నేను మానలేదు. నాకు వినపడలేదు."

"నీతో మాట్లాడేకంటే మిషనుతో మాట్లాడటం నయం" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి కళ్లు తుడుచుకున్నాడు. అతన్ని చూసి, నాకూ అలా వస్తే బాగుండునని అనిపించింది.

మధ్యాహ్నం రెండో పార్టీ మహిళా నాయకురాలు వచ్చింది. తాము గెలిస్తే చట్టం మారుస్తామంది. మారిస్తే మంచిదే అన్నాను. శనివారం సభలో నువ్వు వేదిక మీద ఉండాలంది. "మాట్లాడక్కర్లేదండీ, ఊరికే కూర్చుంటే చాలు. జనం చూస్తే చాలు" అంది. "కూర్చోబెట్టడానికి కుర్చీలు ఉన్నాయి కదమ్మా, మా పిల్ల ఎందుకు?" అన్నాను. మనసు కష్టపెట్టుకుంది. క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పిన ఆవిడ గుర్తొచ్చి, తర్వాత నాకే తప్పనిపించింది. అందుకే ఆమె అడిగిన సంగతి నీకు రాస్తున్నాను. అవునో కాదో చెప్పాల్సింది నువ్వు. నేను కాదు.

అసలు చెప్పవలసింది ఇది. వాళ్లు ఇంకో చోట రికార్డు చేయించుకున్నారు. నిన్న సాయంత్రం నుంచి బండి తిరుగుతోంది. నవ్వుతూ మెట్లు దిగిందన్న వాక్యం తీసేశారు. మాట తప్పలేదు. దాని బదులు ఇంకోటి పెట్టారు. "ఆ అమ్మాయి కన్నతండ్రే సిగ్గుతో మా ముందు తల దించుకున్నాడు" అని.

రేపో మాపో అదీ నీ ఫోనుకు వస్తుంది. అందుకే ముందుగా రాస్తున్నాను. ఆ రోజు నేను తల దించానో లేదో నాకు సరిగ్గా గుర్తులేదు. పని చేసేటప్పుడు ఎప్పుడూ మెషిన్ వైపే చూస్తాను. దించే ఉంటాను. సిగ్గుతో మాత్రం కాదు. నీ విషయంలో నాకు సిగ్గు ఎప్పుడూ లేదు. స్కాన్ చేసిన రోజు లేదు, కోర్టు వరండాలో కూర్చున్నప్పుడు లేదు, ఆ వెనక గుమ్మం దగ్గరా లేదు. కుర్చీలోంచి నువ్వు వెనక్కి తిరిగి, "టీ తాగావా నాన్నా?" అని అడిగావు. తాగానన్నాను. తాగలేదు. ఇంకేదైనా అని ఉండాల్సింది. అప్పుడు నోట్లో మాట లేదు. ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు చేసింది నేను నీ చోట ఉంటే చేసేదే. ఇది నువ్వు ఎవరికి చూపించినా ఫర్వాలేదు.

కోర్టు నీ పేరు దాచింది. నేను దాచలేకపోయాను. అది నీది, నిన్నడగకుండా వాడేశాను. ఇంకొన్నాళ్లు అత్తయ్య దగ్గరే ఉండనా అని అడిగావు. నేను ఉండమనీ చెప్పను, రమ్మనీ చెప్పను. వస్తే వీధిలో అందరికీ తెలిసే ఉంటుంది, అంతవరకు చెప్పగలను. వచ్చే రోజు రాస్తే స్టేషనుకు మీ ఆయనా నేనూ ఇద్దరం వస్తాం. ముందు ద్వారం దగ్గరే నిలబడతాం.

అమ్మను మోకాలికి కాపడం పెట్టుకోమను. అత్తయ్యకు నమస్కారాలు.

ఇట్లు,
నిన్ను మైకు ముందు మొదట నిలబెట్టిన
మీ నాన్న

తా.క. వాన తెరిపిచ్చింది. బండి మన సందులోకి తిరిగినట్టుంది, వినపడుతోంది. మీ ఆయన ఈ రోజు డ్యూటీకి పోలేదు. గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రా బాబూ అన్నాను, రానన్నాడు. కిటికీలు మూసిన వాళ్లు కొందరు, తెరిచిన వాళ్లు కొందరు. దర్జీ మామయ్య కూడా కత్తెర చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టాను. అవి దించేసి నేనూ వెళ్లి మీ ఆయన పక్కన నిలబడతాను.